మామిడి కొమ్మ దగ్గర మొదలుపెట్టి వర్షారణ్యం దాకా: అడవి ఆర్కిడ్‌లను గుర్తుపట్టడం ఎలా?

ఆర్కిడ్ అనగానే చాలామందికి కడియం నర్సరీల్లో బొగ్గుముక్కల కుండీలో పెరిగే ఊదారంగు పూలే గుర్తొస్తాయి. అవి చాలావరకు సంకర రకాలు, మనుషులు కావాలని కలిపి పుట్టించినవి. పేరు కావాలంటే కుండీకి కట్టిన ట్యాగ్ చూస్తే సరిపోతుంది. అడవిలో ట్యాగ్ ఉండదు. మీరు వెళ్ళిన రోజున పువ్వు కూడా ఉండకపోవచ్చు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఆర్కిడ్ పూత లేకుండానే ఉంటుంది కాబట్టి వేరు, కాండం, ఆకు, ఎండిన కాయ, పట్టుకున్న చెట్టు, వీటిని బట్టి గుర్తుపట్టడం వచ్చి తీరాలి.

బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా 2019లో ఇచ్చిన లెక్క ప్రకారం మన దేశంలో 1,256 ఆర్కిడ్ జాతులున్నాయి. వాటిలో 388 ఈ దేశంలో తప్ప ఇంకెక్కడా పెరగవు. ఇన్నింటి ఫోటోలూ బట్టీపట్టడం ఎవరివల్లా కాదు, అవసరం కూడా లేదు. చూసే వరస తెలిస్తే మొక్క ఏ ప్రజాతికి (దగ్గరి చుట్టాలైన జాతుల గుంపుకి) చెందిందో చాలాసార్లు అక్కడికక్కడే చెప్పొచ్చు. ఆ వరస నేర్చుకోవడానికి పడమటి కనుమలకో అరుణాచల్‌కో టికెట్ కొనక్కర్లేదు. కోనసీమలో ఒక ముసలి మామిడి చెట్టు కింద నిలబడి నేర్చుకోవచ్చు. ఇక్కడ రకాలు తక్కువ, కాబట్టి గందరగోళమూ తక్కువే. ఒక మొక్కను ఏడాది పొడవునా చూసినవాళ్ళకి వర్షారణ్యంలో కూడా ఎక్కడ కన్ను పెట్టాలో తెలుస్తుంది.

సంచీలో ఏం పెట్టుకోవాలి

10 రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం, ఒక బైనాక్యులర్ (8×42 అయితే చెట్లకింద వెలుతురు తక్కువున్నా బాగా కనిపిస్తుంది), మామూలు నీళ్ళు నింపిన చిన్న స్ప్రే సీసా, స్కేలు, నాలుగు టూత్‌పిక్‌లు, నోట్‌బుక్. పెన్ను కాదు, పెన్సిల్ తీసుకెళ్ళండి, వానకి ఇంకు కారిపోతుంది. కత్తి, గునపం ఇంట్లో వదిలేయండి. గుర్తుపట్టడానికి మొక్కను ఊడబీకాల్సిన పని ఒక్కటి కూడా లేదు.

ఏ చెట్టు మీద వెతకాలి

గరుకు బెరడు, ముసలి వయసు, ఎవరూ కొట్టకుండా వదిలేసిన చెట్టు. ఈ మూడూ కలిస్తే ఆశ ఉంటుంది. డెల్టాలో అలాంటివి ఎక్కువగా గుడి ఆవరణల్లో, పాత మామిడి తోపుల్లో, పంటకాలువల గట్ల మీద, లంకల్లో మిగిలాయి. మామిడి, చింత, నేరేడు, మెట్టకి వెళితే ఇప్ప. కొత్తగా అంటుకట్టిన మామిడి తోటలో తిరిగితే మెడనొప్పి తప్ప ఏమీ రాదు. వరసల్లో పెరిగిన కొబ్బరి తోటలోనూ మొద్దుల కేసి చూడకండి, మధ్యలో నీడకోసం వదిలేసిన పాత చెట్టుంటే దాని దగ్గరికి వెళ్ళండి.

పెద్ద కొమ్మల పైభాగం, కొమ్మలు చీలే పంగలు, తొర్రల అంచులు ముందు చూడండి. చెత్తా తేమా అక్కడే నిలుస్తాయి. చెట్టు చుట్టూ ఒక్కసారి తిరిగి, ఎండ వెనక నుంచి పడే చోట నిలబడితే ఆకుల అంచులు స్పష్టంగా తెలుస్తాయి. కొబ్బరి దింపు తీసేవాళ్ళనీ చింతకాయ దులిపేవాళ్ళనీ అడగడం మరిచిపోకండి. చెట్టు మీద ఏముందో కింద నుంచి చూసే మనకంటే వాళ్ళకే బాగా తెలుసు. అయితే ‘చెట్టు మీద బదనిక ఉందా అన్నయ్యా’ అని అడిగితే రెండు రకాల మొక్కలు చూపిస్తారు. ఒకటి మీరు వెతికేది, రెండోది చెట్టుకి శత్రువు. కాబట్టి తర్వాతి పని వాటిని వేరుచేయడం.

అసలు ఇది ఆర్కిడ్ అవునా?

పొరపాట్లన్నీ జరిగేది ఈ మెట్టు దగ్గరే, అందుకే ఇక్కడ తొందరపడొద్దు.

మామిడి తోటల్లో రైతుల్ని ఏడిపించే అసలు బదనిక పరాన్నజీవి. కొమ్మలోకి చొచ్చుకుపోయి చెట్టు నీరూ లవణాలూ లాగేసుకుంటుంది. అది పట్టిన చోట కొమ్మ కణుపులా ఉబ్బుతుంది. కొమ్మలో నుంచే పుట్టుకొచ్చినట్టు ఉంటుంది, బయటికి వేలాడే వేళ్ళు కనిపించవు. ఆకులు వెడల్పుగా, మందంగా, గట్టి పుల్లల మీద ఉంటాయి. పువ్వులు సన్నటి గొట్టాల్లా ఎర్రగా, నారింజ రంగులో పూస్తే తేనెపిట్టలు చుట్టూ ముసురుతాయి. ఆర్కిడ్ ఇందులో ఏదీ చేయదు. బెరడు మీద కూర్చుంటుందే గానీ లోపలికి దిగదు. దానికి చెట్టు కావాల్సింది చోటు కోసం, వెలుతురు కోసం. తిండి అది ఆకులతో, పచ్చటి వేళ్ళతో తనే వండుకుంటుంది. తోట యజమాని రెంటినీ కలిపి నరికించేస్తుంటే ఈ తేడా చూపించండి, చాలామంది వింటారు.

తాడి, ఈత మొద్దుల మీద పచ్చగా కనిపించేవి ఎక్కువగా ఫెర్న్‌లు. ఆకు తిప్పి చూడండి. వెనక గోధుమరంగు చుక్కలు వరసగా ఉన్నా, కొత్త ఆకు చుట్టలా చుట్టుకుని వస్తున్నా అది ఫెర్న్, ఇక దాన్ని వదిలేయండి. రావి, మర్రి మొలకలకి ఆకుమీద వల అల్లినట్టు ఈనెలుంటాయి, తుంచితే పాలు కారతాయి. ఆర్కిడ్ ఆకులో ఈనెలు సాధారణంగా గడ్డి కుటుంబంలోలాగా పొడవునా సమానంగా సాగుతాయి. మనీప్లాంట్ లాంటి తీగలు కాడ పొడవునా వేళ్ళు వేసి మొద్దుకి అంటుకుపోతాయి, వాటి ఆకుకి పొడవాటి తొడిమ ఉంటుంది.

ఇక వేరు. చెట్టు మీద పెరిగే ఆర్కిడ్ వేరు పెన్సిల్ నుంచి దారం దాకా ఏ మందంలోనైనా ఉండొచ్చు. పొడిగా ఉన్నప్పుడు వెండి రంగు, కొస మాత్రం పచ్చగానో ఊదాగానో. అందేంత ఎత్తులో ఉంటే నీళ్ళు స్ప్రే చేసి చూడండి. చూస్తుండగానే తెలుపు పోయి వేరు పచ్చబడుతుంది. దాని చుట్టూ చచ్చిన కణాలతో అల్లిన మెత్తటి పొర ఉంటుంది, వెలమెన్ అంటారు. ఎండలో ఆ కణాల నిండా గాలి ఉండి తెల్లగా కనిపిస్తాయి. తడిస్తే నీళ్ళు పీల్చుకుని అద్దంలా మారి లోపలి పచ్చదనం బయటపడుతుంది. వాన పడే ఆ కాసేపట్లోనే తాగినంత తాగి దాచుకోవడానికి ఈ ఏర్పాటు. కొన్ని చేమ కుటుంబపు తీగల వేళ్ళకీ ఇలాంటి పొర ఉంటుంది కాబట్టి వేరు ఒక్కటే చూసి తీర్పు చెప్పకండి. ఆకు ఈనెలూ కలిపి చూడండి.

కాడ ఎటు పెరుగుతోంది?

పువ్వు లేని మొక్కను సగం దూరం తీసుకెళ్ళేది ఈ ప్రశ్నే. ఆర్కిడ్‌లు ప్రధానంగా రెండు తీరుల్లో పెరుగుతాయి.

ఒక తీరులో కాడ ఒక్కటే. కొసన కొత్త ఆకులు వేసుకుంటూ పైకి సాగిపోతుంది, కింది ఆకులు రాలిపోతాయి. ఆకులు ఎడమా కుడీ రెండు వరసల్లో పేర్చినట్టుంటాయి. వాండా, రింకోస్టైలిస్, అకాంపె, లూయిసియా ఈ కోవలోవి. రెండో తీరు పిలకలది. పడుకున్న కాడ పక్కకి పాకుతూ కొత్త పిలక వేస్తుంది, ఆ పిలక కొంత పెరిగి ఆగిపోతుంది, తర్వాత దాని పక్కన ఇంకొకటి. డెండ్రోబియం, సింబిడియం, ఫోలిడోటా, బల్బోఫిల్లం ఇలా పెరుగుతాయి. వీటిలో చాలావాటికి నీరూ పిండిపదార్థమూ దాచుకునే ఉబ్బుకాడలుంటాయి. ఉబ్బు గుండ్రమా, కోలా, చెరకు గడలా కణుపులున్న పొడవాటిదా, దాని నెత్తిన ఆకు ఒకటా రెండా, ఉబ్బులు ఒకదానికొకటి ఆనుకున్నాయా లేక దూరదూరంగా ఉన్నాయా, ఇవన్నీ రాసుకోండి. కణుపుల గడ అయితే డెండ్రోబియం వైపు ఆలోచించండి. పాకే తీగ మీద దూరదూరంగా ఉబ్బులు, ఒక్కోదానికి ఒక్కటే ఆకు ఉంటే బల్బోఫిల్లం వైపు. ఒంటికాడ రకం కూడా ముసలిదైతే కాడ అడుగున పక్క కొమ్మలు వేస్తుంది. గుబురుగా ఉందని వెంటనే పిలకల రకంలో వేసేయకండి, ఒక కాడ కొస దాకా చూసి అది ఇంకా పెరుగుతోందో ఆగిపోయిందో తేల్చుకోండి.

ఆకు దగ్గర మూడు కొలతలు చాలు: పొడవు, వెడల్పు, మందం. నాలుగోది కొస ఆకారం, అందరూ వదిలేసేది అదే. చాలా ఆర్కిడ్‌లలో ఆకు కొస సూదిలా ముగియదు. ఎవరో కొరికేసినట్టు ఎగుడుదిగుడు పళ్ళతోనో, ఒకటి పొట్టి ఒకటి పొడుగు రెండు చీలికలతోనో ఆగిపోతుంది. పురుగు తిన్నదని అనుకోకండి. అన్ని ఆకుల కొసలూ అలాగే ఉంటే అది మొక్క స్వభావం.

పువ్వు దొరికితే

దూరం నుంచి ఫోటో తీసి సంతోషపడి వచ్చేయకండి. బయట మూడు రక్షక పత్రాలు, లోపల మూడు ఆకర్షణ పత్రాలు లెక్కపెట్టండి. లోపలి మూడిట్లో ఒకటి మిగిలినవాటికంటే తేడాగా ఉంటుంది. రంగు వేరు, ఆకారం వేరు, ఒక్కోసారి గరుకులూ మడతలూ వెంట్రుకలూ. దాన్ని పెదవి అంటారు. పురుగు వచ్చి వాలే చోటు అది. పెదవి వెనక తోకలాంటి తేనె గొట్టం ఉందా లేదా, ఉంటే ఎంత పొడవు, ఇది తప్పకుండా చూడాలి. చాలా ప్రజాతుల్ని విడదీసే గుర్తు అదే.

పెదవికి ఎదురుగా పువ్వు నడిమధ్యన చిన్న దిమ్మ నిలబడి ఉంటుంది. మామూలు పువ్వులో కేసరాలు వేరు, కీలం వేరు. ఆర్కిడ్‌లో రెండూ కలిసిపోయి ఈ ఒక్క స్తంభమైపోయాయి. ఇది ఉంటే ఆర్కిడ్, లేకపోతే కాదు. అడవి పసుపు, మెట్టతామర లాంటివాటికీ పెదవిలాంటి రేకు ఉంటుంది, అందుకే కొత్తవాళ్ళు వాటినీ ఆర్కిడ్ ఖాతాలో రాసేస్తారు. వాటిలో పుప్పొడి తిత్తి విడిగా కనిపిస్తుంది. అడవి పసుపైతే ఆకు నలిపితే వాసనే చెప్పేస్తుంది. మెట్ట నేలల్లో పెరిగే నేలతాడి ఆకులు చూసి నేల ఆర్కిడ్ అనుకోవడమూ మామూలే. దాని పసుపు పువ్వుకి ఒకేలాంటి ఆరు రేకులు, ఆరు కేసరాలు.

పెదవి సాధారణంగా కిందివైపు ఉంటుంది గదా, మొగ్గలో అది పైన ఉంటుంది. విచ్చుకునేటప్పుడు పువ్వు తన కాడ మీద తానే సగం చుట్టు తిరుగుతుంది. పువ్వు వెనక అండాశయం మీద మెలితిరిగిన గీతలు భూతద్దంలో చూడండి. కొన్ని జాతుల్లో ఈ మెలిక ఉండదు, పెదవి పైకే ఉండిపోతుంది. అదీ రాసుకోదగ్గ గుర్తే.

వాడిపోబోతున్న పువ్వు ఒకటి చేతికందితే టూత్‌పిక్ కొసను పెదవి వైపు నుంచి స్తంభం కొసకి ఆనించి మెల్లగా పైకి లేపండి. చిన్న మూత లేచి, పసుపు ముద్దలు పుల్లకి అంటుకుని వస్తాయి. ఆర్కిడ్ పుప్పొడి పొడిగా రాలదు, ఇలా ముద్దలుగా ఉంటుంది. తేనెటీగ నెత్తికి అంటుకునేది కూడా ఇదే పద్ధతిలో. వాండాలో ముద్దలు రెండు, చిన్న కాడ మీద, కింద జిగురు బిళ్ళతో. డెండ్రోబియంలో నాలుగు, కాడా లేదు, బిళ్ళా లేదు. ఈ లెక్క పెట్టగలిగితే ఫోటో చూసి పేరు చెప్పే యాప్‌కంటే మీరే ముందుంటారు, ఎందుకంటే ఆ యాప్‌కి పువ్వు లోపల కనిపించదు. ఒక మొక్కకి ఒక్క పువ్వుతోనే చేయండి. వాసన పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూడండి, కొన్నింటికి పొద్దు మళ్ళాకే వాసన వస్తుంది.

పూత అయిపోయాక వచ్చినా నష్టం లేదు. పొడవాటి గాడుల కాయ ఎండి నిలువునా చీలుతుంది, కానీ రెండు కొసలూ అతుక్కునే ఉంటాయి. గింజలు పొడిలా గాలికి ఎగిరిపోతాయి. వాటిలో దాచుకున్న తిండి ఉండదు. సరైన బూజు తోడు దొరికితేనే మొలుస్తాయి. అందుకే లక్షల గింజలు రాలినా చెట్టు మీద మొక్కలు వేళ్ళమీద లెక్కపెట్టేటన్నే ఉంటాయి. ఒక మొక్క పీకేస్తే దాని చోటు నిండడానికి ఏళ్ళు పడుతుంది.

గోదావరి జిల్లాల్లో ముందు నేర్చుకోవాల్సినవి

వాండా టెస్సెలాటాతో మొదలుపెట్టండి. ఒంటికాడ, ఆకు మధ్యకి మడిచినట్టు సన్నగా, కిందికి వంగి ఉంటుంది, కొసన కొరికినట్టు పళ్ళు. పూలగుత్తి ఆకుల మధ్య నుంచి నిటారుగా లేస్తుంది, ఎక్కువగా ఎండాకాలంలో. నాలుగైదు సెంటీమీటర్ల పువ్వు, పసుపు ఆకుపచ్చ గోధుమ కలిసిన రంగు, రేకుల మీద గళ్ళగళ్ళ గీతలు, వెనకవైపు తెలుపు, పెదవి నీలం ఊదా కలిసి మెరుస్తుంది. మంచి వాసన. దీని వేళ్ళను కొన్నిచోట్ల రాస్న పేరుతో నాటుమందుల్లో వాడతారు, అందుకని రోడ్డు పక్కన అందే ఎత్తులో ఉన్నవి మాయమవుతుంటాయి.

ఈ మొక్కని పుస్తకానికెక్కించింది మన పక్కనే సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్. 1781 నుంచి ఆయన ఇక్కడ తోట వేసి, మన దేశపు చిత్రకారులతో మొక్కల బొమ్మలు గీయించాడు. 1793లో కలకత్తా తోటకి వెళ్ళిపోయాడు. 1795లో లండన్‌లో అచ్చు మొదలైన కోరమండల్ తీరపు మొక్కల సంపుటాల్లో ఈ గళ్ళ పువ్వుంది, దాని పక్కనే అకాంపె ప్రేమోర్సా, మనం ఇప్పుడు సింబిడియం అలోయిఫోలియం అనే మొక్కా ఉన్నాయి. అప్పట్లో ఇవన్నీ ఎపిడెండ్రం అనే ఒకే ప్రజాతి కింద పెట్టాడు. ఆ బొమ్మలు ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడొచ్చు. ఆకు కొస, పెదవి ఆకారం అంత ఓపిగ్గా గీసిన బొమ్మ ఇప్పటి ఫోన్ ఫోటోలకంటే ఎక్కువ నేర్పుతుందని నా అభిప్రాయం.

అకాంపె ప్రేమోర్సా ఆకు వాండా కంటే మందం, తోలులా బిరుసు. పూలగుత్తి ఆకు కంటే పొట్టిగా, ఆకుల మధ్యే ఇరుక్కుని ఉంటుంది. చిన్న పసుపు పువ్వుల మీద ఎర్రమట్టి రంగు అడ్డపట్టీలు, తెల్ల పెదవి. పువ్వు లేనప్పుడు కూడా పాత గుత్తి కాడల పొడవు చూసి వాండాతో తేడా చెప్పొచ్చు. సింబిడియం అలోయిఫోలియం పిలకల రకం. కలబందని తలపించే పొడవాటి, బిరుసు ఆకుల గుబురు తొర్రలోనో పంగలోనో కూర్చుంటుంది. ఎండాకాలంలో పూలగొలుసు కిందికి వేలాడుతుంది, పసుపు రేకు మధ్యన ముదురు ఎరుపు చార. రింకోస్టైలిస్ రెటూసా ఆకు వాండా ఆకులాగే రెండు వరసల్లో ఉంటుంది కానీ ఇంకా వెడల్పు, పొడవునా లేత గీతలు, వేళ్ళు బాగా లావు. మే, జూన్‌లలో దట్టంగా అల్లిన తెల్లపూల తోక వేలాడుతుంది, దాని మీద గులాబీ ఊదా చుక్కలు. అస్సాం రాష్ట్ర పుష్పం ఇదే. అక్కడ బిహూ పండక్కి అమ్మాయిలు జడలో పెట్టుకుంటారు. ఆకులే పెన్సిళ్ళలా గుండ్రంగా ఉన్న ఒంటికాడ మొక్క కనిపిస్తే లూయిసియా అని రాసుకోండి.

నేల మీది ఆర్కిడ్‌ల కోసం మెడ ఎత్తక్కర్లేదు, నడుం వంచాలి. చలికాలంలో పంటకాలువ గట్టు గడ్డిలో, పచ్చిక మైదానాల్లో జానెడు కూడా ఎదగని జ్యూక్సీన్ స్ట్రాటియుమాటికా దొరుకుతుంది. సన్నటి ఆకులు కొంచెం ఊదా గోధుమ రంగు తిరిగి, నెత్తిన తెల్లపూల కంకి, పెదవి పసుపు. చూసినవాళ్ళు గడ్డిపువ్వు అనుకుని తొక్కుకుంటూ పోతారు. తొలకరికి మెట్టల్లో, అడవి అంచున జియోడోరం లేస్తుంది. దాని పూలకాడ కొసన కొక్కెంలా కిందికి వంగి ఉంటుంది, కాయలు కట్టాక నిటారవుతుంది. నెర్విలియాది ఇంకో వింత, ముందు ఒంటరి పూకాడ వచ్చి పోతుంది, తర్వాత నేలకి ఆనుకుని ఒకే ఒక్క ఆకు. ఆ ఆకుని చూసినవాళ్ళు పువ్వుని చూసి ఉండరు, పువ్వుని చూసినవాళ్ళు ఆకుని నమ్మరు. వానాకాలం మధ్య నుంచి హబెనేరియాలు పూస్తాయి, తెల్లవో పచ్చవో, పెదవి వెనక పొడవాటి తేనె గొట్టం వాటి గుర్తు.

కొండెక్కే ముందు

ఈ నాలుగైదు మొక్కలు పువ్వు లేకుండా గుర్తుపట్టగలిగాక మారేడుమిల్లి వెళ్ళండి. రాజమండ్రి నుంచి రంపచోడవరం మీదుగా రోడ్డు. అక్కడిది పూర్తి వర్షారణ్యం కాదు, లోయల్లో వాగుల వెంట ఏడాదంతా పచ్చగా ఉండే అడవి, పైన ఆకురాల్చే అడవి. కానీ తేమ పెరిగేకొద్దీ రకాలు ఎలా మారతాయో అర్థం కావడానికి ఇది చాలు. నాచు పట్టిన కొమ్మల మీద ఫోలిడోటా ఇంబ్రికేటా కోసం చూడండి. ఉబ్బుకాడకి మడతల ఆకు ఒక్కటే, వేలాడే పూలకాడ మీద రెండు వరసల్లో ఒకదాని మీద ఒకటి ఎక్కిన పొలుసులు. ఆకులు చేతి విసనకర్రలా ఒకే చదునులో పేర్చి ఉంటే ఒబెరోనియా. దాని పువ్వులు ఎంత చిన్నవంటే భూతద్దం లేకపోతే పువ్వని తెలియదు.

అటవీశాఖ అనుమతి లేకుండా రోడ్డు దిగి లోపలికి వెళ్ళకండి. పాపికొండలు 2008 నుంచి జాతీయ పార్కు, అక్కడ ఆకు కోయడం కూడా నేరమే. స్థానికుల్ని తోడు తీసుకోండి, దారితో పాటు ఏ వాగు దగ్గర ఏం పూసిందో వాళ్ళే చెబుతారు. ఏజెన్సీలో మలేరియా ఉంది. నిండు చేతుల చొక్కా, దోమల మందు తప్పనిసరి.

అసలు వర్షారణ్యంలో

పడమటి కనుమలు, ఈశాన్య రాష్ట్రాలు, అండమాన్ నికోబార్ దీవులు: మన దేశంలో వర్షారణ్యం అంటే ఇవే. ఇక్కడ నేర్చుకున్న వరస అక్కడ మారదు, చూసే చోటే మారుతుంది. వెలుతురంతా పైకప్పులో ఉంటుంది కాబట్టి ఆర్కిడ్‌లూ ఎక్కువగా పైనే ఉంటాయి. కింద నుంచి చూసి విసిగిపోయే బదులు రాత్రి గాలికి విరిగిపడ్డ కొమ్మల్ని పొద్దున్నే తిప్పి చూడండి. వాగు మీద వంతెనలు, లోయ అంచున వ్యూపాయింట్‌లు, చెట్టు నెత్తి మన కంటి ఎత్తుకి వచ్చే చోట్లు.

అక్కడ ఎక్కువగా తారసపడే బల్బోఫిల్లం పువ్వుని ఊదితే పెదవి ఊగుతుంది, కీలు మీద కట్టినట్టు. కొన్నిటికి కుళ్ళిన వాసన, ఈగల్ని పిలవడానికి. అడుగున చీకట్లో, ఆకుచెత్త మధ్య, ముదురు మఖమల్ ఆకుల మీద బంగారు తీగ వల అల్లినట్టున్న మొక్క కనిపిస్తే అది అనెక్టోకైలస్, అక్కడ ఆకే అందం, పువ్వు చిన్నది. అసలు ఆకే లేకుండా, పచ్చదనమే లేకుండా నేలలోంచి లేచే పూకాడలూ ఆర్కిడ్‌లే కావచ్చు. బూజు మీద ఆధారపడి బతికే రకాలు అవి. స్తంభం చూసి నిర్ధారించుకోండి. టీనియోఫిల్లం అనేది ఇంకా విచిత్రం. ఆకుల్లేవు, బెరడు మీద నక్షత్రంలా పరుచుకున్న పచ్చటి వేళ్ళే ఆకుల పని చేస్తాయి. వేళ్ళు చూడడం ఇక్కడే అలవాటు చేసుకున్నవాళ్ళు దాన్ని పట్టుకుంటారు, పువ్వు కోసం వెతికేవాళ్ళు దాటిపోతారు. పెదవి సంచీలా ఉంటే స్లిప్పర్ ఆర్కిడ్. దక్షిణాదిలో అగస్త్యమల కొండల్లో మాత్రమే ఉండే పాఫియోపెడిలం డ్రూరీ, ఈశాన్యంలో మరికొన్ని.

పేరు ఎంతవరకు చెప్పాలి

ఒక్కో మొక్కకి ఆరు ఫోటోలు తీయండి: మొత్తం మొక్క, వేళ్ళు బెరడుని పట్టుకున్న చోటు, ఆకు కొస, పువ్వు ఎదురుగా, పువ్వు పక్క నుంచి, స్కేలు పెట్టి ఒకటి. పక్క నుంచి తీయకపోతే తేనె గొట్టం కనిపించదు, ఎంత తెలిసినవాళ్ళైనా చెప్పలేరు. చెట్టు పేరు, ఎత్తు, తేదీ రాసుకోండి. ఆ తర్వాత ఉన్న గుర్తులు ఎక్కడిదాకా తీసుకెళితే అక్కడ ఆగండి. ‘డెండ్రోబియం, జాతి తేలలేదు’ అని రాసుకోవడం సరైన జవాబు. పూలు లేని మొక్కకి పూర్తి పేరు పెట్టేసే ఉత్సాహం వల్లే తప్పుడు జాబితాలు తయారవుతాయి.

మొక్కల, జంతువుల ఫోటోలు పంచుకునే ఐనాచురలిస్ట్ లాంటి వెబ్‌సైట్‌లో పెట్టేటప్పుడు చెట్టు ఉన్న కచ్చితమైన చోటు కనపడకుండా సెట్టింగ్ మార్చండి. అమ్ముకునేవాళ్ళూ ఆ మ్యాప్ చూస్తారు. ఆర్కిడ్ కుటుంబం మొత్తం అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం కింద ఉంది. నీలి వాండా, ఎర్ర వాండా, స్లిప్పర్ ఆర్కిడ్‌లు మన వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నాయి. 2022 సవరణ తర్వాత అవి మూడో షెడ్యూల్‌లోకి వచ్చాయి.

డెల్టాలో మొక్కని ముట్టుకోవాల్సిన సందర్భం ఒక్కటే, తుఫాను. గాలికి కూలిన మామిడిని కలపకి కోసేస్తుంటే దాని మీది వాండా ఎలాగూ చస్తుంది. మీ సొంత తోటలోనో, యజమాని ఒప్పుకుంటేనో దాన్ని కాపాడొచ్చు. రిజర్వు అడవిలో అయితే పడిపోయినదైనా వదిలేయాలి. వేళ్ళు లాగకండి, బెరడు ముక్కతో సహా తీయండి. అలాంటి గరుకు బెరడున్న చెట్టుకి, అంతే వెలుతురు వచ్చే ఎత్తులో, కొబ్బరి తాడుతో కదలకుండా కట్టండి. కాడ మొదట్లో మట్టి, పేడ పెట్టకండి, కుళ్ళిపోతుంది. వాన లేని రోజుల్లో పొద్దున్నే వేళ్ళమీద నీళ్ళు చల్లండి. కొత్త వేళ్ళ పచ్చటి కొసలు బెరడుని గట్టిగా కరుచుకున్నాక తాడు కోసేయండి.